ఫిట్స్ రాని రోజుల లెక్క: మూర్ఛ ఉన్న పిల్లల ఇళ్లు ఎందుకు కుదుటపడవు?

సంక్షిప్తంగా

మూర్ఛ ఉన్న పిల్లల్లో ఎక్కువ మందికి మందులతో ఫిట్స్ అదుపులోకి వస్తాయి. అయినా ఆ ఇళ్లలో నిద్ర, ఉద్యోగం, బడి, బంధువుల రాకపోకలు మునుపటిలా ఉండవు. ఫిట్స్ ఎప్పుడు వస్తాయో తెలియకపోవడం, మందులతో పిల్లల ప్రవర్తన మారడం, విషయం దాచుకోవాల్సి రావడం ఇందుకు ప్రధాన కారణాలు. ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చుకు పెద్దగా ఆసరా లేకపోవడం ఇంకొకటి. హైదరాబాద్‌లో పెద్ద వైద్యానికి లోటు లేదు. రెండు అపాయింట్‌మెంట్ల మధ్య కాలాన్ని పట్టించుకునే ఏర్పాటే పలచగా ఉంది.

న్యూరాలజీ ఓపీలో తల్లిదండ్రులకు ఎదురయ్యే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "పోయినసారి చూపించుకున్నాక మళ్లీ వచ్చాయా?" రాలేదంటే చీటీ మీద అవే మందులు ఇంకొన్నాళ్లకు రాస్తారు. వెనక లైను ఉంటుంది కాబట్టి మాట అక్కడితో ఆగుతుంది. పాప రాత్రిళ్లు పడుకుంటోందా, తల్లి పడుకుంటోందా, బడికి రోజూ పంపుతున్నారా, అన్నయ్య ఈమధ్య ఎందుకు అలుగుతున్నాడు అన్న సంగతులు ఆ గదిలోకి రావు.

ఫిట్స్ ఆగిపోయిన ఇళ్లలో కూడా టెన్షన్ తగ్గకపోవడం చుట్టాలకు అంతుపట్టదు. "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా, ఇంకా ఏం భయం?" అంటారు. ఆ భయం వెనక కొన్ని కారణాలున్నాయి. అవి ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

ఏది మూర్ఛ, ఏది కాదు

మెదడులోని నాడీకణాలు ఉన్నట్టుండి అదుపు తప్పి, ఒక్కసారిగా విద్యుత్ సంకేతాలు పంపడం వల్ల ఫిట్స్ వస్తాయి. ఒకసారి వచ్చినంత మాత్రాన మూర్ఛ అనరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. వాళ్లలో చాలామందికి వయసుతోపాటు అవి పోతాయి. జ్వరం, తలకు దెబ్బ, రక్తంలో షుగర్ పడిపోవడం లాంటి తక్షణ కారణమేదీ లేకుండా, 24 గంటలకు మించిన ఎడంతో రెండుసార్లు వస్తే అది మూర్ఛ. ఒక్కసారే వచ్చినా, మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువని పరీక్షల్లో తేలితే అప్పుడు కూడా మూర్ఛగానే చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. భారత్‌లో కోటికి పైగా ఉంటారని అంచనా.

పేరు ఒకటే అయినా జబ్బు ఒకటి కాదు. పడిపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నోట నురగ వచ్చే రకాన్నే జనం మూర్ఛ అనుకుంటారు. క్లాసులో పది సెకన్లపాటు శూన్యంలోకి చూసి మళ్లీ మామూలైపోయే పిల్లకు అలాంటివి రోజుకు డజన్లకొద్దీ రావచ్చు. టీచర్‌కి మాత్రం అది పరధ్యానంగా కనిపిస్తుంది. ఏడాది లోపు పసివాళ్లు నిద్ర లేవగానే వరసగా ఉలిక్కిపడినట్టు ముందుకు ముడుచుకుంటుంటే, ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి అంటారో కడుపునొప్పి అంటారో తప్ప అది మెదడుకు సంబంధించిందని అనుకోరు. ఈ చివరి రకంలో వారాల ఆలస్యం కూడా పిల్లల ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. దీనికి భిన్నంగా, ముఖం ఒక పక్క లాగుతూ ఎక్కువగా నిద్రలో వచ్చే ఒక రకం టీనేజీ దాటేలోగా దానంతట అదే పోతుంది.

కారణాలూ అంతే. పుట్టినప్పుడు ఊపిరి అందకపోవడం, పుట్టిన వెంటనే షుగర్ పడిపోవడం, మెదడువాపు, టీబీ, బద్దెపురుగు గుడ్లు కలుషితమైన తిండితోనో నీళ్లతోనో లోపలికి వెళ్లి మెదడులో గడ్డకట్టడం మన దేశంలో తరచూ కనిపించేవి. కొందరికి జన్యు కారణాలు. కొందరికి ఎన్ని స్కానింగులు తీసినా ఏమీ దొరకదు. కారణం దొరకని ఇళ్లలో "మా వైపు ఎవరికీ లేదు" అనే మాట మొదలవుతుంది. అది ఎక్కువగా తల్లి వైపే వేలు చూపిస్తుంది.

జీవన నాణ్యతను కొలవడం

మూర్ఛ ఉన్న పిల్లల జీవన నాణ్యతను కొలవడానికి ప్రత్యేక ప్రశ్నావళులు ఉన్నాయి. పరిశోధనల్లో ఎక్కువగా వాడే ఒకదానిలో 55 ప్రశ్నలుంటాయి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఒక భాగం. మనసు, స్నేహాలు, ఒంట్లో ఓపిక మిగిలిన భాగాలు. జవాబులు రాసేది తల్లిదండ్రులు. ఇక్కడో మెలిక ఉంది. పిల్లలు తమ జీవితానికి తామే మార్కులు వేసుకుంటే, తల్లిదండ్రులు వేసిన దానికన్నా తరచూ ఎక్కువే పడతాయి. అంటే ఆ ప్రశ్నావళి పిల్లవాడి స్థితితో పాటు, దాన్ని నింపిన మనిషి స్థితిని కూడా కొలుస్తోంది.

కెనడాలో కొత్తగా మూర్ఛ బయటపడిన పిల్లల కుటుంబాలను రెండేళ్లపాటు గమనించారు. దాదాపు మూడో వంతు తల్లుల్లో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. తల్లి కుంగిపోయిన ఇళ్లలో పిల్లల జీవన నాణ్యత కూడా తక్కువగా ఉంది. ఫిట్స్ ఎంత తీవ్రంగా ఉన్నాయన్నది ఒక్కటే దాన్ని నిర్ణయించలేదు. ఇల్లు ఎలా నడుస్తోంది, చేదోడు ఎంత ఉంది అన్నవీ లెక్కలోకి వచ్చాయి. ఉచిత వైద్యం ఉన్న దేశంలోనే ఇలా ఉంటే, మందుల ఖర్చు జేబులోంచి పోయే చోట పరిస్థితి తేలికగా ఉంటుందని అనుకోలేం.

మీటరు లేని జబ్బు

టైప్-1 షుగర్ ఉన్న పిల్లల తల్లిదండ్రులకూ కష్టం తక్కువేం కాదు. కానీ వాళ్ల చేతిలో గ్లూకోమీటర్ ఉంటుంది. వేలు గుచ్చి చూస్తే ఇప్పుడు ఎంత ఉందో తెలుస్తుంది, దాన్ని బట్టి ఏదో ఒకటి చేయొచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లల్లో దమ్ము రాకముందు పిల్లికూతలు వినిపిస్తాయి. ఫిట్స్‌కు ఇలాంటి కొలత ఇంట్లో దొరకదు. నిన్నటిదాకా రాకపోవడం ఈరోజు రాదనడానికి హామీ కాదు. ఆరు నెలలు ప్రశాంతంగా గడిచిన ఇంట్లో ఒక జ్వరం, ఒక వాంతితో పోయిన డోసు, ఒక పెళ్లిలో నిద్ర చాలని రాత్రి మొత్తం లెక్కను మొదటికి తెస్తాయి.

ముందుగా తెలుసుకునే దారి లేనప్పుడు మిగిలేది కాపలా. స్నానాల గదికి గడియ పెట్టనివ్వరు. సంపు మూత మీద బరువు పెడతారు. హైదరాబాద్ ఇళ్లలో ఈ సంపు భయం చిన్నది కాదు. సంక్రాంతికి వీధి పిల్లలంతా మిద్దె మీద పతంగులు ఎగరేస్తుంటే ఒక పిల్లవాడు మాత్రం కింద గేటు దగ్గర చరఖా పట్టుకుని ఉంటాడు. సైకిల్, ఈత, స్కూలు వాళ్లు తీసుకెళ్లే పిక్నిక్ ఒక్కొక్కటే తగ్గుతాయి. ఇందులో కొన్ని జాగ్రత్తలు అవసరమే. నీళ్లు, ఎత్తు, నిప్పు దగ్గర ఒంటరిగా వదలకూడదని డాక్టర్లూ చెబుతారు. దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో ఎక్కువగా నమోదైన ఒక రకం మూర్ఛ ఉంది. తల మీద వేడినీళ్లు చెంబులతో గుమ్మరించుకునేటప్పుడు వస్తుంది. అలాంటి పిల్లలకు తలంటు రోజు గోరువెచ్చటి నీళ్లు వాడటమే చాలావరకు మందు. అయితే ఏది అవసరమైన జాగ్రత్తో, ఏది భయం వల్ల వచ్చిన నిషేధమో విడదీసి చెప్పేవాళ్లు దొరకనప్పుడు ఇల్లు అన్నిటినీ ఆపేస్తుంది. ఆడటం మానేసిన పిల్లలకు స్నేహితులు తగ్గుతారు, ఒళ్లు పెరుగుతుంది, కోపమూ పెరుగుతుంది.

రాత్రి కాపలా ఇంకా కష్టం. చాలా రకాల ఫిట్స్ నిద్రలో, లేదా నిద్ర లేచే వేళల్లో వస్తాయి. తల్లి పిల్లవాడి పక్కనే పడుకుంటుంది, మంచం కదిలితే లేస్తుంది. ఇది నెలలు గడిచి సంవత్సరాలు అవుతుంది. మూర్ఛ ఉన్న పిల్లల్లో ఏడాదికి సుమారు 4,500 మందిలో ఒకరు, ఏ ఇతర కారణమూ కనిపించకుండా, హఠాత్తుగా చనిపోతున్నారని అంచనా. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్ అదుపులో లేనివాళ్లకు, అందులోనూ రాత్రిపూట వచ్చేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ఈ సంగతి కుటుంబానికి చెప్పాలా వద్దా అన్నది డాక్టర్ల మధ్య నలిగిన ప్రశ్నే. చెప్పకపోయినా ఫోనులో వెతుక్కుని తెలుసుకునే కాలం ఇది. అక్కడ దొరికే రూపంలో ఆ సమాచారం మరింత భయపెడుతుంది.

నిద్ర లేని తల్లికి ఓపిక తగ్గుతుంది. ఆమె చిరాకు పిల్లవాడి మీదో, పక్కనున్న ఇంకో బిడ్డ మీదో పడుతుంది. పిల్లవాడికీ నిద్ర చెడితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. శివరాత్రి జాగారం, రంజాన్ రాత్రులు, బోనాల హడావిడి ఈ ఇళ్లలో లెక్క చూసుకుని జరుపుకోవాల్సినవి. ఉద్యోగం చేస్తున్న తల్లి మానేస్తుంది, లేదా సగం జీతానికి ఇంటి దగ్గర పని వెతుక్కుంటుంది. తోబుట్టువు సంగతి ఎవరూ అడగరు. అమ్మ దృష్టి తన మీదకు రావాలంటే తనకూ ఏదో ఒక జబ్బు ఉండాలని ఆ వయసులో అనిపించడం వింతేమీ కాదు.

మందు ఆపేవి, తెచ్చేవి

సరైన నిర్ధారణ, సరైన మందు దొరికితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాత మందులు చౌక కూడా. మాత్ర వేసుకున్నాక రెండేళ్లపాటు ఫిట్స్ రాకపోతే చాలామంది పిల్లల్లో మెల్లగా తగ్గించి ఆపేయొచ్చు. జీవితాంతం వాడాలన్న భయం అందరికీ వర్తించదు.

ఇబ్బంది ఆ రెండేళ్లలో ఉంది. ఈమధ్య విస్తృతంగా రాస్తున్న లెవెటిరాసిటమ్ కొందరు పిల్లల్లో విపరీతమైన చిరాకు, మొండితనం తెస్తుంది. ఫినోబార్బిటోన్ (జనం నోట గార్డినాల్) పెద్దవాళ్లకు మగత తెస్తే, పిల్లల్ని ఒక్కచోట కూర్చోనివ్వకుండా చేయొచ్చు. ఫెనిటోయిన్ ఎక్కువ కాలం వాడితే చిగుళ్లు ఉబ్బుతాయి. వాల్‌ప్రోయేట్ వల్ల బరువు పెరుగుతుంది, కొందరిలో జుట్టు రాలుతుంది. అది గర్భంలో శిశువుకు హాని చేస్తుంది కాబట్టి, వేరే దారి ఉన్నప్పుడు ఎదుగుతున్న ఆడపిల్లలకు దాన్ని రాయకూడదంటారు. డాక్టర్ దృష్టిలో ఇవి సైడ్ ఎఫెక్ట్స్. ఇంట్లో వాటి పేరు వేరు. "వీడు ఇంతకుముందు ఇలా లేడు" అంటారు. పిల్లవాడి కోపం మందుదా, జబ్బుదా, అతి గారాబంతో వచ్చిందా అన్న తగవులో కుటుంబం రోజులు గడుపుతుంది. కొందరు చెప్పాపెట్టకుండా డోసు తగ్గిస్తారు. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. నిజానికి ఓపీలో ఐదు నిమిషాలు ఎక్కువ దొరికితే మందు మార్చడంతో పోయే సమస్య ఇది.

గడియారం సంగతి వేరే. ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అంటే ఆ వేళకు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఊరెళ్లినా సిరప్ సీసా సంచిలో ఉండాలి. మందుల షాపులో ఆ కంపెనీది లేదని మరో కంపెనీది ఇస్తే, ఫెనిటోయిన్ లాంటి మందుల్లో చిన్న తేడా కూడా ఫిట్స్‌గా బయటపడొచ్చు.

మందులకు లొంగని పిల్లలకు వాడే కీటో పథ్యాన్ని తెలుగు వంటింట్లో ఊహిస్తే దాని బరువు తెలుస్తుంది. సంప్రదాయ పద్ధతిలో కేలరీల్లో దాదాపు 90 శాతం కొవ్వు నుంచే రావాలి. అన్నం, ఇడ్లీ, పప్పు, అరటిపండు అన్నీ పక్కకు పోతాయి. వెన్న, కొబ్బరినూనె, మీగడ, గుడ్డు గ్రాముల్లో తూచి పెట్టాలి. ఇంట్లో మిగిలినవాళ్లు పొంగనాలు తింటుంటే ఆ పిల్లవాడిని వేరే గదిలో కూర్చోబెట్టాలి. నానమ్మ జాలిపడి నోట్లో పెట్టిన ఒక్క లడ్డూతో పథ్యం చెడుతుంది. ఫలితం మాత్రం తీసిపారేసేది కాదు. మందులకు లొంగని పిల్లల్లో గణనీయమైన వంతుకు ఫిట్స్ సగానికి పైగా తగ్గుతాయి. కానీ ఆ పథ్యం నిలబడాలంటే ఒక మనిషి పూర్తిగా దానికే అంకితం కావాలి. ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు.

ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే

రెండు సరైన మందులు సరైన డోసులో వాడినా లొంగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. సుమారు మూడో వంతు ఈ కోవలోకి వస్తారు. మూడో మందు, నాలుగో మందు కలుపుకుంటూ పోయినకొద్దీ ఫలితం వచ్చే అవకాశం వేగంగా పడిపోతుంది. అందుకే ఆ దశలోనే ఆపరేషన్ వీలవుతుందేమో చూడాలంటారు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది ఇలాంటి పిల్లల మీద జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. ఆపరేషన్ అయినవారిలో ఏడాది తర్వాత 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులతోనే ఉన్నవారిలో అది 7 శాతం. పిల్లల ప్రవర్తన, జీవన నాణ్యత కూడా ఆపరేషన్ అయినవారిలోనే మెరుగుపడ్డాయి. ఐక్యూలో మాత్రం ఏడాదిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆపరేషన్ చేసినవారిలో మూడో వంతుకు తీవ్రమైన దుష్ఫలితాలు కనిపించాయి. కొందరిలో కాలో చెయ్యో బలహీనపడటం వంటివి ముందే ఊహించినవి. తల్లిదండ్రుల ముందున్న ఎంపిక తేలిక కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్‌లోనూ, కొన్ని కార్పొరేట్ ఆసుపత్రుల్లోనూ మూర్ఛ ఆపరేషన్లు జరుగుతున్నాయి. అందరికీ ఇది పనికిరాదు. సాధారణంగా మెదడులో ఫిట్స్ పుట్టే చోటు ఒకటే అయి ఉండాలి, అది తీస్తే మాటకూ నడకకూ వచ్చే ముప్పు లాభం కన్నా ఎక్కువ కాకూడదు. కానీ పనికొచ్చేవాళ్లు కూడా చాలామంది ఏళ్లు గడిచాక గానీ అక్కడికి చేరరు. "తలకాయ కోయిస్తారా" అన్న మాట ఇంట్లో ఎంత ఆలస్యం చేస్తుందో, పై ఆసుపత్రికి పంపకుండా మందు మీద మందు రాస్తూ పోవడమూ అంతే ఆలస్యం చేస్తుంది.

బడి గేటు దగ్గర

మూర్ఛ ఉన్న పిల్లల్లో చాలామంది తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. అయినా చదువులో వెనకబడటం తోటివాళ్లకన్నా ఎక్కువ. రాత్రి ఫిట్స్ వచ్చిన పిల్లవాడు ఉదయం క్లాసులో ఉన్నా లేనట్టే. మందు మగత, ఆసుపత్రి రోజుల గైర్హాజరు దానికి తోడవుతాయి.

ఇంతకన్నా పెద్ద చిక్కు, చెప్పాలా వద్దా అన్నది. చెబితే అడ్మిషన్ ఇవ్వరేమోనని, ఇచ్చినా చివరి బెంచీకి పంపుతారేమోనని భయం. చెప్పకపోతే ఫిట్స్ వచ్చిన రోజు అక్కడ ఎవరికీ ఏం చేయాలో తెలియదు. చేయాల్సింది మరీ కష్టమైనదేం కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, కాలర్ వదులు చేయాలి, టైము చూడాలి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏవీ పెట్టకూడదు, చేతులు అదిమి పట్టకూడదు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ముక్కులో కొట్టే మిడాజోలమ్ స్ప్రే డాక్టర్ రాసిస్తే దొరుకుతుంది, దాన్ని ఎవరైనా నేర్చుకుని వాడొచ్చు. కానీ స్కూళ్లు ఆ బాధ్యత తీసుకోవడానికి జంకుతాయి. ఏమైనా అయితే తమ మీదకు వస్తుందన్న భయం. దాంతో చివరికి తల్లి ఫోన్ చేతిలో పట్టుకుని బడికి పది నిమిషాల దూరంలోనే రోజంతా గడిపేలా జీవితం మార్చుకుంటుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పరీక్షించే జబ్బుల జాబితాలో ఫిట్స్ ఉన్నాయి. అయితే ఆ బృందాలు వెళ్లేది అంగన్వాడీలకు, ప్రభుత్వ బడులకు. హైదరాబాద్‌లో పేద పిల్లల్లో కూడా చాలామంది గల్లీల్లోని చిన్న ప్రైవేటు స్కూళ్లలో చదువుతారు. అక్కడికి ఈ పరీక్ష చేరదు.

తాళంచెవి, తాయత్తు, పెళ్లి మాట

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఇంకా పోలేదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. ఇనుము తెచ్చేసరికి అంత సమయం ఎలాగూ అవుతుంది. అందుకే తాళంచెవి పనిచేసినట్టు కనిపిస్తుంది. దర్గాకో గుడికో తీసుకెళ్లి కట్టించిన తాయత్తుతో నష్టం లేదు, అది మందుకు బదులు కానంతవరకు.

దాచిపెట్టడం వెనక ఉన్నది మూఢనమ్మకం మాత్రమే అనుకుంటే పొరపాటు. దానికి చట్టమే చాలాకాలం ఆధారం ఇచ్చింది. హిందూ వివాహ చట్టంలో పెళ్లి చెల్లకపోవడానికి చెప్పిన కారణాల్లో పిచ్చితోపాటు మూర్ఛ కూడా ఉండేది. 1999 సవరణతోనే అది పోయింది. చట్టం మారి పాతికేళ్లు దాటినా పెళ్లిచూపుల్లో లెక్క మారలేదు. ఆడపిల్లకు ఏడేళ్ల వయసులో ఫిట్స్ వస్తే, పదిహేనేళ్ల తర్వాతి సంబంధం గురించి ఆ రోజే ఆలోచన మొదలవుతుంది. అందుకే ఆమెను వీధిలో దొరికే డాక్టర్ దగ్గరికి కాకుండా, తెలిసినవాళ్లు ఎదురుపడని దూరానికి తీసుకెళ్తారు. దాచడంలో పోయేది ఇంకొకటి ఉంది. చెప్పుకోని కష్టానికి సాయం కూడా అడగలేరు. అత్తింట్లో, పుట్టింట్లో ఒక్క రాత్రి పిల్లను చూసుకునే మనిషి దొరకకపోవడానికి ఇదో కారణం.

ఎవరి చేతికి ఏం అందుతుంది

హైదరాబాద్‌లో నిలోఫర్, గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. ఎదుగుదలలో లోపాలున్న పిల్లలకు బోయినపల్లిలో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది. జన్యు పరీక్షలకు ఉప్పల్‌లో డీఎన్ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది. చుట్టుపక్కల జిల్లాలవాళ్లకు "పట్నం పోతే నయమైతది" అన్న ధైర్యం ఉత్తదేం కాదు.

ఖర్చు దగ్గరే లెక్క తప్పుతుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ అల్లింది. మూర్ఛ ఉన్న పిల్లలు ఏడాదిలో ఎక్కువ రోజులు బెడ్డు మీద ఉండరు. వాళ్ల ఖర్చు రోజువారీ గోలీలు, రక్తపరీక్షలు, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), స్పీచ్ థెరపీ, ప్రయాణం, పోయిన కూలి. అదే నెలలో తెలంగాణలో మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం ఆరోగ్య పథకం కాకపోయినా ఇక్కడ సాయపడింది. మహబూబ్‌నగర్ నుంచి తల్లి పిల్లను తీసుకుని టికెట్ లేకుండా వచ్చిపోగలదు. అదే సౌకర్యం, ఆసుపత్రి తిరుగుడు పూర్తిగా తల్లి పనే అయిపోవడానికీ దారి తీయొచ్చు.

మధ్యతరగతి పరిస్థితి ఇంకో రకం. బీమా నియంత్రణ సంస్థ 2019 మార్గదర్శకాల్లో, పాలసీ నుంచి శాశ్వతంగా మినహాయించడానికి అనుమతించిన జబ్బుల జాబితా ఇచ్చింది. మూర్ఛ అందులో ఒకటి. సొంతంగా పాలసీ తీసుకుంటే ఫిట్స్‌కు వర్తించకపోవచ్చు. కంపెనీ ఇచ్చే గ్రూప్ బీమా మాత్రం సాధారణంగా పాత జబ్బులనూ కలుపుకుంటుంది. దాంతో హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే తండ్రి నచ్చని ఉద్యోగాన్ని కూడా వదల్లేడు.

ఇక సర్టిఫికెట్ సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఆటిజం, అభ్యసన లోపాలు అందులో ఉన్నాయి. మూర్ఛ విడిగా లేదు. రెండు ఇళ్లను పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక ఇంట్లో పిల్లవాడికి సెరిబ్రల్ పాల్సీతోపాటు ఫిట్స్ ఉన్నాయి. వైకల్యం 40 శాతం దాటితే సర్టిఫికెట్ వస్తుంది. దాంతో పింఛన్‌కు దారి ఉంది (2023లో దాన్ని నెలకు 4,016 రూపాయలు చేశారు), ఆసుపత్రిలో చేరకుండా వాడే మందుల ఖర్చును కూడా కొంత భరించే నిరామయ బీమాకూ దారి ఉంది. పక్కింట్లో పిల్లకు నెలకు నాలుగుసార్లు పెద్ద ఫిట్స్ వస్తాయి, మిగతా రోజుల్లో చురుగ్గానే ఉంటుంది. తల్లి పని మానేసింది. ఆ ఇంటికి ఇవేవీ రావు. సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకు తీసుకెళ్లిన రోజు పిల్ల నడుస్తుంది, మాట్లాడుతుంది. వచ్చిపోయే జబ్బును ఒక్కరోజు చూసి శాతం కట్టే పద్ధతి పట్టుకోలేదు.

మూర్ఛనూ జాబితాలో చేర్చడం ఒక పరిష్కారంగా కనిపిస్తుంది. కానీ రెండేళ్లలో మందు ఆపేసే పిల్లలకు కూడా ఆ ముద్ర అవసరమా అన్నది తీసిపారేయదగ్గ అభ్యంతరం కాదు. మందులకు లొంగని మూర్ఛకు పరిమితం చేయడం, లేదా సర్టిఫికెట్‌తో ముడిపెట్టకుండా మందులు, థెరపీ ఖర్చు ఇవ్వడం మధ్యేమార్గాలు.

ఇకముందు

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మూర్ఛ, ఇతర నాడీ జబ్బులపై 2031 దాకా నడిచే ప్రణాళికను ఆమోదించింది. మూర్ఛ ఉన్నవారిలో 90 శాతానికి తమ జబ్బు చికిత్సకు లొంగేదని తెలియాలి, వారిలో 80 శాతానికి మందులు అందాలి, అందినవారిలో 70 శాతానికి ఫిట్స్ అదుపులో ఉండాలన్నది దాని దిశ. ఈ మూడూ సాధించినా తల్లి నిద్ర, బడి, పెళ్లి మాట లెక్కలోకి రావు. అవి మారడానికి కావాల్సినవి ఖరీదైనవీ కాదు. ఓపీలో డాక్టర్ కన్నా ముందు ఒక శిక్షణ పొందిన నర్సు పది నిమిషాలు మాట్లాడటం, ఫిట్స్ వీడియోను ఫోన్‌లో ఎలా తీయాలో నేర్పడం, తల్లి మనసు ఎలా ఉందో రెండు ప్రశ్నలు అడిగి అవసరమైతే ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వడం, స్కూలుకు ఒక పేజీ కాగితం రాసివ్వడం వీటిలో కొన్ని.

పిల్లలు పెద్దయ్యాక ఇంకో గండం ఉంది. పిల్లల విభాగం వయసు దాటగానే ఫైలు పెద్దవాళ్ల న్యూరాలజీకి మారుతుంది. అప్పటిదాకా ప్రతి ప్రశ్నకూ తల్లి జవాబు చెప్పేది. ఇప్పుడు డాక్టర్ కుర్రవాణ్ణి అడుగుతారు, అతనికి తన మందు పేరు కూడా తెలిసి ఉండదు. పద్దెనిమిది నిండగానే స్నేహితులంతా బండి లైసెన్సుకు పోతారు. ఆర్టీఏలో ఇచ్చే ఫారం-1లో ఆరోగ్యం గురించి సొంతంగా చెప్పాల్సిన ప్రశ్నల్లో మూర్ఛ ఉందా అన్నది ఒకటి. అవును అంటే లైసెన్సు రాదు. కొన్ని దేశాల్లో ఏడాదో అంతకు తక్కువో ఫిట్స్ లేకుండా గడిస్తే కారు నడపనిస్తారు, ఇక్కడ ఎన్నేళ్లు గడిచినా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. బడిలో చేర్చినప్పటి నుంచి "ఎవరికీ చెప్పకు" అని విన్న కుర్రవాడు ఆ గడిలో ఏం రాస్తాడో ఊహించడం కష్టం కాదు.